పుత్తూరు పిల్లవాడు

నేను చెప్పిన ఒక అబద్ధం ఏళ్ళుగా నా గుండెల మీద కూర్చుని ఉంది. మాటలొచ్చినప్పటి నుంచీ అబద్ధాలు చెబుతున్నవాణ్ణి. వాటిలో ఒక్కటి ఇంత బరువెక్కిందంటే మా బస్సులో ఎవరూ నమ్మరు. మీరు నమ్మాలి. తెలిసినవాళ్ళకు చెప్పబోతే మొదటి మాటకే నవ్వడం మొదలుపెడతారు. వాళ్ళ తప్పు కాదు, నేను చేసిన అలవాటది. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు రాస్తున్నాను.

పేరు రాయను. తిరుపతిలో ఒక యూనివర్సిటీకి బస్సు నడుపుతాను. పొద్దున ఏర్పేడులో మొదలుపెట్టి, రేణిగుంట మీదుగా, దారిలో పిల్లలను ఎక్కించుకుంటూ వస్తాను. సాయంత్రం మళ్ళీ అదే దారి. మధ్యలో బస్సు షెడ్డులో ఉంటుంది, నేను బస్సులో ఉంటాను.

నా పని నడపడమే. కానీ నాకు పేరొచ్చింది నడపడంలో కాదు, కోతలు కోయడంలో. భాకరాపేట ఘాటులో బ్రేకు పోతే, బస్సులో అందరినీ ఒక్కసారి ఊపిరి బిగబట్టమని చెప్పి బస్సు ఆపినవాణ్ణి నేను. అడవి దారిలో చిరుతపులి కాలెత్తి బస్సు ఆపితే ముందు సీటిచ్చినవాణ్ణి. కుంటి పులి. మంగళం దగ్గర దిగిపోయింది. టికెట్టు అడగడానికి కండక్టరుకు ధైర్యం చాలలేదు. ఇలాంటివి నా దగ్గర బస్సు నిండా ఉండేవి. పిల్లలు నన్ను మామా అని పిలిచేవాళ్ళు. నా పక్కన ఇంజను పెట్టె మీద కూర్చోవడానికి పోటీ పడేవాళ్ళు. కింద కాలుతున్నా లేచేవాళ్ళు కాదు.

నాకు ఆ నవ్వు కావాలి. ఎందుకంటే ఇంట్లో మాటలు తక్కువ. నా భార్య శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీనులో పనిచేస్తుంది. ఆమె షిఫ్టు బస్సు మా వీధిలోకి వచ్చేసరికి నేను వెళ్ళిపోయి ఉంటాను. మేం ఒకరికొకరం చెప్పుకునే కబురల్లా పొయ్యి మీద మూతపెట్టి ఉంచిన గిన్నె. మనుషులు నా మాట విని పడీపడీ నవ్వే చోటు ప్రపంచంలో ఒక్కటే, ఆ బస్సు. ఇది సాకుగా చెప్పడం లేదు. కాదు, సాకే. ఒప్పుకోవడానికి కూర్చుని సాకులు దాచడమెందుకు?

కోతలు కోసేవాడికి కొన్ని పట్టింపులుంటాయి. కథ ఎక్కడో దూరదేశంలో జరిగిందనకూడదు, మనకు తెలిసిన మలుపు దగ్గరే జరగాలి. జరిగింది మన చుట్టాలకే అయ్యుండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎవరైనా నిజమా అని అడిగితే కథలోంచి దిగిరాకూడదు. ఇంకో మెట్టు పైకెక్కాలి. నేను ఎప్పుడూ దిగలేదు. దిగడం నాకు అవమానం.

ఒక ఏడాది మా యూనివర్సిటీకి కొందరు వచ్చారు. ఎర్ర రిబ్బను మడిచి పిన్నుతో చొక్కాలకు గుచ్చుకున్నారు. హెచ్‌ఐవీ గురించి విద్యార్థులకు చెప్పడానికి వచ్చినవాళ్ళు. హాలులో ఫ్యాన్లు బాగా తిరుగుతాయని నేనూ వెళ్ళి వెనక వరుసలో కూర్చున్నాను. ఒకామె మాట్లాడింది. ఆస్పత్రిలో పరీక్ష చేయించుకోవడానికి వచ్చేవాళ్ళతో మాట్లాడే కౌన్సెలర్ అట. ఆమె ఎవరినీ భయపెట్టలేదు, నీతులు చెప్పలేదు. కండోము అనే మాటను కందిపప్పు అన్నంత మామూలుగా అంది. పిల్లలు పకపకా నవ్వారు. ఆమె కూడా కాస్త నవ్వి, నవ్వు ఆగేదాకా ఉండి, మళ్ళీ అదే మాట అంతే మామూలుగా అంది. ఈ వైరసు చెయ్యి కలిపితే రాదు, కలిసి తింటే రాదు అంది. ముందుగా తెలిస్తే మందులున్నాయి, అందరిలాగే చదువుకోవచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు అంది. పరీక్ష ఉచితం. గేటు దాటి కాస్త నడిస్తే ఆస్పత్రి, లోపల ఒక గది. మీ పేరు ఆ గది దాటి పోదు, బయటపెట్టడం చట్టప్రకారం నేరం అని చెప్పింది. అనుమానం ఉన్నవాళ్ళే కాదు, ఎవరైనా రావచ్చు, స్నేహితులను వెంటబెట్టుకుని రండి అంది.

ఆ సాయంత్రం బస్సు మూగగా ఉంది.

అంతమంది వయసు పిల్లలున్న బస్సులో ఒక్క మాట లేదు. కొందరి చేతుల్లో వాళ్ళిచ్చిన కరపత్రాలున్నాయి. ఒకడు దాన్ని చిన్నగా మడిచి లోపలి జేబులో పెట్టుకోవడం అద్దంలో చూశాను. ఆలోచిస్తున్నారని నాకు తెలుసు. వెళ్దామా వద్దా అని కొందరైనా లోలోపల తర్జనభర్జన పడుతున్నారని తెలుసు. ఆ మౌనం మంచి మౌనం. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నా బస్సులో నేనుండగా మరొకరి మాట తలల్లో తిరుగుతోందని ఉక్రోషం వచ్చింది.

రేణిగుంట రైల్వే గేటు పడింది. బస్సు ఆపాను. వెనక్కి తిరిగి, మా పుత్తూరు పిల్లోడి సంగతి తెలుసునా మీకు, అన్నాను.

అప్పటికి అలాంటి పిల్లవాడెవడూ లేడు. నోరు తెరిచాక పుట్టాడు.

పుత్తూరు పక్కన మా చుట్టాల పల్లె అని మొదలుపెట్టాను. ఆ పల్లె పిల్లవాడు ఇలాగే ఒక మీటింగు విని పరీక్షకు పోయాడన్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా మొహానికి తువ్వాలు చుట్టుకుని, దాని మీద హెల్మెట్టు పెట్టుకుని, వేరే పేరు చెప్పాడన్నాను. గదిలో ఉన్న గుమాస్తా తలెత్తకుండా చెప్పుల వైపే చూసి, నువ్వు ఫలానా వాళ్ళ పిల్లోడివి కదప్పా, ఈ చెప్పులు మా బావ అంగట్లో కొన్నవే కదా, అన్నాడట. పిల్లలు అక్కడే పగలబడి నవ్వారు. ఇక నన్ను పట్టేవాడెవడు? పిల్లవాడు ఎక్కిన బస్సు కంటే ముందు బస్సులో ఆ కబురు ఊరెళ్ళిందన్నాను. వీడు దిగేసరికి టీ బంకు బల్ల మీదున్నవాళ్ళు లేచి దూరంగా నిలబడ్డారన్నాను. మంగలి దుకాణం మూసేశాడు. ఇంట్లో వాడి కంచం, గ్లాసు అరుగు మీదికొచ్చాయి. వీధికుక్క కూడా వాడి పక్కన పడుకోవడం మానేసిందన్నాను. చివర్లో గొంతు తగ్గించి చెప్పాను. పరీక్షలో ఏమీ రాలేదు. వాడికి ఏ రోగమూ లేదు. కానీ ఆ కాగితం చదివేదెవరు?

గేటు లేచింది. బస్సంతా నవ్వుతోంది. ఒకడు కరపత్రాన్ని విమానంలా మడిచి కిటికీలోంచి వదిలాడు.

వాళ్ళెందుకు అంతలా నవ్వారో చాలాకాలం తర్వాత అర్థమైంది. నా కథ బాగుండి కాదు. వెళ్ళకుండా ఉండటానికి నేను వాళ్ళకొక దారి చూపించాను. వాళ్ళు నవ్వింది ఊపిరి పీల్చుకుని.

ఆ కథ నేను ఊహించనంతగా పాకింది. ఈ బస్సు నుంచి ఆ బస్సుకు, బస్సుల నుంచి హాస్టళ్ళకు. పాత పిల్లలు పోతూ కొత్త పిల్లలకు అప్పగించి పోయారు. ఎవడికైనా నాలుగు రోజులు జ్వరం తగ్గకపోతే, ఏమబ్బా, పుత్తూరు బస్సెక్కతావా అని ఏడిపించేవాళ్ళు. కథ చెప్పింది నేనని కూడా చాలామందికి తెలియదు. మరుసటి ఏడాది ఆ కౌన్సెలరమ్మ మళ్ళీ వచ్చింది. ఈ యూనివర్సిటీ నుంచి పిల్లలు మా గదికి ఎందుకు రావడం లేదో నాకు అర్థం కావడం లేదు, ఎవరైనా చెబుతారా అని అడిగింది. బతిమాలినట్టే అడిగింది. ఎవరూ చెప్పలేదు. నేను వెనక వరుసలో కూర్చుని పైన తిరిగే ఫ్యాను వైపు చూస్తున్నాను.

ఇంతవరకే అయితే పొరపాటు అనుకునేవాణ్ణి. నోటి దురద అని సరిపెట్టుకునేవాణ్ణి. మీకు రాసేవాణ్ణి కాదు.

ఆ బస్సులో ఒక పిల్లవాడు ఉండేవాడు. శేఖర్ అనుకోండి, అసలు పేరు అది కాదు. ఏర్పేడు అవతల పల్లె. ఇంట్లో చెనక్కాయల సేద్యం. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. నా కథలకు నవ్వేవాడు కాదు. నవ్వకపోతే పోనీ, తప్పులు పట్టేవాడు. మూడో సీట్లోంచి నెమ్మదిగా అడిగేవాడు.

"మామా, పోయినసారి పులి ఎడంకాలు కదా కుంటింది? ఈసారి కుడికాలు కుంటతాండాదే."

బస్సు గొల్లుమనేది. ఆ నవ్వు నా కథకు వచ్చేది కాదు, నా మీదికి వచ్చేది. నేనూ నవ్వేవాణ్ణి. సైన్సోళ్ళకి కథలెందుకప్పా, దిగి సూత్రాలు కంఠతా పట్టుకోపో అనేవాణ్ణి. లోపల మాత్రం గుచ్చుకునేది. వీడొక్కణ్ణి నమ్మించాలి, ఎప్పుడో ఒకప్పుడు వీడి నోట ఆశ్చర్యం రావాలి అని మొండిగా ఉండేది. ఇంత వయసొచ్చినవాడికి, కొడుకంత వాడి మీద, ఎంత చిన్న పంతం! కానీ ఉంది. ఉన్నది లేదని ఎలా రాయను?

ఒక మధ్యాహ్నం షెడ్డులో బస్సు అద్దాలు తుడుస్తున్నాను. ఎండ బాగా ఉంది, చుట్టుపక్కల ఎవరూ లేరు. శేఖర్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. వాడు షెడ్డుకు ఎప్పుడూ రాలేదు.

"ఏమబ్బా, క్లాసు లేదా?" అన్నాను.

"ఉండాది. పోలా."

"ఇదేంది, నువ్వే క్లాసెగ్గొడితే ఆ సారు ఎవురికి చెప్తాడు పాఠం?"

వాడు నవ్వలేదు. కిటికీ చుట్టూ ఉండే రబ్బరు ఒకచోట ఊడింది, దాన్ని గోటితో గిల్లుతూ నిలబడ్డాడు.

"మామా, ఒగ మాట అడగాల."

"అడుగు. పులిది ఏ కాలని మాత్రం అడగొద్దు."

"ఆ పుత్తూరు పిల్లోడి సంగతి. అది నిజంగా జరిగిండేదేనా?"

"ఎందుకడగతా ఉండావు?"

"ఊరికే."

"ఊరికే ఎవురన్నా ఇంత ఎండలో షెడ్డుకొస్తారా?"

వాడు తలెత్తాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"చెప్పు మామా. నవ్వించేదానికి చెప్పినావా, నిజంగానే ఆ గదిలో పేరు బయటపెట్టినారా?"

ఇక్కడ ఆగాలి. ఈ చోటు నుంచి ముందుకు రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆ ప్రశ్న కథ గురించి కాదని నాకు తెలుసు. తెలియదని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. పిల్లవాడు ఏదో సందేహంతో అడిగాడు, నేనేదో అన్నాను, నాకేం తెలుసు అని. కాదు. ఆ గోరు కదిలే తీరు చూశాను, ఆ పెదాలు చూశాను, వీడు వెళ్ళాలనుకుంటున్నాడు, వెళ్ళడానికి భయపడుతున్నాడు, నేనొక్క మాట అంటే ఆ భయం పోతుంది అని నాకు స్పష్టంగా తెలిసింది. వాడికి ఏమైంది, ఎందుకు అనుమానం వచ్చింది అన్నది నాకు అనవసరం. అప్పుడూ అనవసరమే, ఇప్పుడూ అనవసరమే. వాడు నా దగ్గరికి వచ్చాడు. అంతమంది చదువుకున్నవాళ్ళను వదిలి, తప్పులు పట్టి పట్టి నా కథల గుట్టు తెలిసినవాడు, ఈ కథ కూడా వట్టిదే అని నా నోటి నుంచి వినడానికి వచ్చాడు.

మరి నేనేం చేశాను? వీడు నమ్మబోతున్నాడు అనుకున్నాను. మొదటిసారి. ఎప్పుడూ నమ్మనివాడు.

"జరిగిండేదేనప్పా," అన్నాను. "నేను సూసినా."

"నువ్వు సూసినావా?"

"సూసేదేంది. ఆ పిల్లోణ్ణి ఊరు దాటించిందే నేను. మిట్టమధ్యాన్నం, ఎండకి ఊరంతా లోపలుంటే, సీటు కింద పండబెట్టుకోని తెచ్చి రేణిగుంట స్టేషన్లో దింపినా. ఈ పొద్దుటిదాకా ఎవురికీ చెప్పలా. నీకే చెప్తా ఉండా."

అంతకుముందు ఆ కథలో నేను లేను. ఆ క్షణంలో దూరాను.

"ఇప్పుడు యాడుండాడు?" అన్నాడు శేఖర్.

"ఎవురికి తెలుసు. ఏ రైలెక్కినాడో ఏమో."

"పాపం," అన్నాడు.

రబ్బరు వదిలేశాడు. సరే మామా అని దిగి వెళ్ళాడు. షెడ్డు ముందు దారి రెండుగా చీలుతుంది. ఒకటి గేటు వైపు, గేటు దాటితే ఆస్పత్రి. ఒకటి క్లాసుల వైపు. చీలిక దగ్గర వాడు కొంచెం నిలబడ్డాడు. తర్వాత క్లాసుల వైపు నడిచాడు.

నాకు సంతోషమేసింది. ఇది రాయకపోతే మిగతాదంతా రాసీ దండగ. అద్దం తుడుస్తూ ఈల వేశాను.

ఆ తర్వాత శేఖర్ మూడో సీట్లో కూర్చోలేదు. వెనకెక్కడో కూర్చునేవాడు. తప్పులు పట్టడం మానేశాడు. పులి ఏ కాలు కుంటినా పట్టించుకోలేదు. పరీక్షలయ్యాయి, వెళ్ళిపోయాడు. శ్రీ సిటీలో పనికి కుదిరాడని ఎవరో అన్నారు. నేను కథలు చెబుతూనే ఉన్నాను. కానీ పుత్తూరు దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేవాణ్ణి. పిల్లలు అడిగితే మరిచిపోయానబ్బా అనేవాణ్ణి. వాళ్ళే ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు, నా కంటే బాగా.

ఒకసారి తెగించాను. కొత్త పిల్లలు ఎక్కారు, వాళ్ళలో ఒకమ్మాయి ఆ కథ మొదలుపెట్టింది. బస్సు పక్కకు ఆపి, అది నేను పుట్టించిన కథమ్మా, అంతా అబద్ధం, అక్కడ ఎవరూ ఎవరి పేరూ చెప్పరు అన్నాను. తర్వాత వెనకనుంచి ఒకడు అన్నాడు.

"సూస్తిరా, మామని ఆస్పత్రోళ్ళు పిలిపించి బెదిరించినట్టుండారు."

బస్సంతా నవ్వింది. సాయంత్రానికి అది కూడా కథలో కలిసిపోయింది. పుత్తూరు పిల్లవాడి సంగతి బయటపెట్టినందుకు డ్రైవరు మామ ఉద్యోగం పోబోయిందట. నేనెంత కాదంటే అంత నిజమైపోతోంది. ఇంకోసారి ప్రయత్నించలేదు. ఎందుకు మానేశాను? వాళ్ళు నమ్మరనా? నమ్మితే ఎందుకు పుట్టించావని అడుగుతారనా? రెండోదే.

పోయిన ఎండాకాలం లైసెన్సు రెన్యువలుకు కళ్ళ పరీక్ష చేయించుకోవలసి వచ్చింది. యూనివర్సిటీ పక్కనున్న ఆ పెద్దాసుపత్రిలోనే కళ్ళ డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చున్నాను. పక్కనెవరో వచ్చి, మామా, అన్నారు. గుర్తుపట్టలేదు. గొంతును బట్టి పోల్చుకున్నాను. శేఖర్. బాగా చిక్కిపోయాడు. ఒక కన్ను నా వైపు చూస్తోంది, రెండోది ఎటూ చూడటం లేదు.

తనే చెప్పాడు. నేను అడగలేదు, అడిగే ధైర్యం లేదు. చదువయ్యాక పనిలో చేరాడట. కొన్నేళ్ళు బాగానే గడిచాయట. తర్వాత జ్వరాలు, దగ్గు. మందుల షాపులో మాత్రలు కొనుక్కుని మింగుతూ ఎవరికీ చెప్పకుండా ఒక్కడే గదిలో పడుకునేవాడట. చివరికి పనిలో పడిపోతే తోటివాళ్ళు ఆస్పత్రికి మోసుకొచ్చారు. అప్పుడు తెలిసింది. అప్పటికే బాగా ముదిరి, కంటిలోకి వేరే జబ్బు దిగింది.

"ఇప్పుడు బాగుండా మామా. రోజూ మాత్ర, అంతే. పనికి పోతా ఉండా. అప్పుడే వచ్చింటే కన్ను మిగిలేదంట," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. బస్సు తప్పిపోయినవాడు చెప్పినట్టు చెప్పాడు.

నీ సంగతి ఇంత బాహాటంగా నాకెందుకు చెబుతున్నావబ్బా అన్నాను.

"నీకు చెప్పేదానికి నాకేం భయం? ఆ పిల్లోణ్ణి గుట్టుగా దాటించినోడివి. ఇంతవరకూ మా నాయనకి కూడా చెప్పలా. నీకే చెప్తా ఉండా."

నా మాటే. షెడ్డులో నేను వాడితో అన్న మాటే.

అప్పుడు నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. శేఖరూ, ఆ రోజు నేను చెప్పింది, అనేంతవరకు వచ్చాను. వాడు అందుకున్నాడు. అవును మామా, ఆ పిల్లోడు మళ్ళీ కనిపించినాడా అన్నాడు. ఒంటరిగా గదిలో పడుకుని ఉన్నప్పుడు ఆ పిల్లవాణ్ణి తలుచుకునేవాడట. ఏ ఊళ్ళో దిగాడో, ఎవరు అన్నం పెడుతున్నారో, వాడితో మాట్లాడేవాళ్ళు ఉన్నారో లేదో అని. తనకు భయమేసినప్పుడల్లా, ఏ తప్పూ లేని ఆ పిల్లవాడు అంత పడి బతికాడు కదా, నేను బతకలేనా అనుకునేవాడట. వాడి దయవల్లే చావలేదు మామా అన్నాడు. ఈడ ఎవురూ ఎవురి పేరూ బయటపెట్టరు మామా, ఇన్నాళ్ళలో ఒక్కరు కూడా పెట్టలా, వాడు కనిపిస్తే చెప్పు, వాడికి ఆ రోజు ఎవురో చెడ్డోడు తగిలినాడు, అంతే, అన్నాడు.

ఎవరో చెడ్డోడు.

నేనేమన్నానో తెలుసా మీకు? చిత్తూరులో ఉండాడప్పా, అన్నాను. బాగుండాడు. పండ్ల అంగడి పెట్టుకున్నాడు. పెండ్లైంది.

శేఖర్ మొహం వెలిగింది. మంచి కన్ను చెమర్చింది. ఒకసారి తీసుకొని రా మామా, సూడాలని ఉండాది, అన్నాడు. తెస్తాలే అన్నాను. లోపలినుంచి నా పేరు పిలిచారు. లేచి వెళ్ళాను. డాక్టరు గోడ మీద అక్షరాలు చదవమన్నాడు. కిందివరకూ చదివాను. కళ్ళు బాగున్నాయి, ఇంకా ఏళ్ళ తరబడి నడపవచ్చు అని రాసిచ్చాడు.

అప్పటి నుంచి ఎన్నో విధాల సమాధానం చెప్పుకుని చూశాను. నిజం చెబితే ఆ పిల్లవాడు మాయమైపోతాడు, శేఖర్‌కు ఇన్నేళ్ళూ తోడున్న ఒకే ఒక్క మనిషిని నేనే చంపినట్టవుతుంది, కాబట్టి దాచడమే దయ అనుకున్నాను. కొన్ని రోజులు ఆ మాట నిలబడింది. తర్వాత కూలిపోయింది. దయ కాదు. వాడి ఒక్క కంటిలో నా మీద ఉన్న నమ్మకం పోతుందని భయం. వాడి కన్ను పోవడానికి కారణమైనవాణ్ణి, మిగిలిన కంటికి మంచివాడిగా కనిపించాలని ఆశపడుతున్నాను. ఇంతకంటే హీనమైనది ఏముంటుంది? వాడొక్కడేనా? ఆ కథ విని గేటు దాటకుండా వెనక్కి తిరిగినవాళ్ళు ఇంకెందరు? వాళ్ళెవరో నాకు తెలియదు. వాళ్ళకు కూడా నేనెవరో తెలియదు.

ఇప్పుడు బస్సులో నేను కథలు చెప్పడం లేదు. అడిగేవాళ్ళూ లేరు. అందరి చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఇంజను పెట్టె మీద పుస్తకాల సంచులు కూర్చుంటాయి. ఆస్పత్రి గేటు దగ్గరికి రాగానే బస్సు కొంచెం నెమ్మది చేస్తాను, ఎవరైనా దిగుతామంటారేమోనని. ఎవరూ అనరు. ఎందుకు మామా నెమ్మది అంటే ట్రాఫిక్కమ్మా అంటాను. ఆస్పత్రి లోపలికి నేను మళ్ళీ పోలేదు. శేఖర్ ఆ పుత్తూరు పిల్లవాడి కోసం ఎదురుచూస్తూ ఉంటాడు.

చెబుతానా వాడికి? తెలియదు. చెబుతానని ఇక్కడ రాస్తే అది నా మరో కథ అవుతుంది. రాయను.

ఆ మధ్యాహ్నం షెడ్డులో నేను అనవలసినది పెద్ద మాటేమీ కాదు. ఎన్నోసార్లు మనసులో అనుకున్నాను కానీ ఒక్కసారీ బయటికి రాలేదు. అది నేను అల్లిన కథ అబ్బా, అట్లాంటి పిల్లోడు యాడా లేడు, సాయంత్రం దాకా బస్సు కదలదు, పద, నేనూ వస్తా నీతో.

ఇంతే. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. చదివింది మాత్రం మీరు. వాడు కాదు.